వెనకగదిలో కీబోర్డు

కుక్కరు రెండో విజిలు వేసేసరికి ఈశ్వరి చేతులు తుడుచుకుని కీబోర్డు ముందు కూర్చుంది. కర్టెనుకు అవతల, కొట్టులో, ఆమె భర్త ఫణిభూషణ్ గొంతు పెద్దదైంది. కస్టమరు వచ్చాడన్నమాట. కస్టమరు చెప్పిన ప్రతి ముక్కనూ అతను తిరిగి గట్టిగా పలుకుతాడు. ఇవతల ఆమె విని టైపు కొడుతుంది. అవతల అతని మానిటరు మీద అక్షరాలు పడతాయి. అతను వేళ్ళు మీటలకు తగలకుండా ఆడిస్తాడు.

ఆరేళ్ళుగా ఇదే ఏర్పాటు. బరంపురం పెద్దబజారు సందులో వాళ్ళ ఇల్లు. ముందుగది పెళ్ళికార్డుల కొట్టు, వెనకగది వంటిల్లు. కంప్యూటరు ఒకటే. దానికి మానిటర్లు రెండు, కీబోర్డులు రెండు, మౌసులు రెండు. రెండు మానిటర్ల మీదా ఒకే బొమ్మ కనబడేలా కలిపింది ఈశ్వరే. కలపమన్నది మాత్రం మామగారు సోమేశ్వరరావు. పెళ్ళయిన కొత్తలో ఆమె కొట్టులోనే కూర్చునేది. ఇద్దరు కస్టమర్లు గుమ్మంలోంచి చూసి, బాబు లేడా, మళ్ళీ వస్తాం అని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే మామగారు తేల్చేశాడు.

"శుభలేఖ మగోడి సేతిమీద మొదలవ్వాలమ్మా. నువ్వు లోపల కూకో."

ఆమె కూర్చుంది. అలా కూర్చున్నందుకు ఈమధ్య తనమీద తనకే కోపం వస్తోంది. ఎక్కడా కాలు నిలవడం లేదు. వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి ఊరికే తిరుగుతోంది. ఆమె నేర్చుకున్నదంతా ఈ గదిలోనే నేర్చుకుంది. డబ్బు పెట్టి కొనక్కర్లేదు కదా అని ఫణిభూషణ్ ఎవరిచేతనో కంప్యూటరులో ఊరికే దొరికే లైనక్స్ సిస్టమ్ పెట్టించాడు. పెట్టినవాడు మళ్ళీ ఈ సందులోకి రాలేదు. తెలుగు ఒత్తులు అక్షరం కింద నిలవక పక్కకు జారిపోయేవి. ఒడియా మొత్తం ఖాళీ డబ్బాలుగా కనబడేది. ఒకసారి మౌసు బాణం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఫోను పప్పు డబ్బాకు ఆనించుకుని, ఏ ఊరివాళ్ళో రాసిన జవాబులు కూడబలుక్కుని చదివి, ఒక్కొక్కటే చక్కబెట్టింది. తెలుగు నుంచి ఒడియాకు ఒక్క మీటతో మారేటట్టు పెట్టింది. ఫాంట్లు వెతికి తెచ్చి పేర్చింది. చుట్టాలొస్తే మాత్రం ఫణిభూషణ్ నవ్వుతూ, మా ఇంటావిడకేటి, రోజంతా ఖాళీయే అనేవాడు. కస్టమర్లు కర్టెను అవతల, ఫణిబాబు సేతిలో సరస్వతి ఉంది అనేవారు. మొదటిసారి ఆ మాట విన్న రోజు ఆమె పోపు మాడ్చింది. పోపు మాడినందుకు తిట్లు తింది.

ఈ రోజు వచ్చినవాడు చికిటిలో బట్టల కొట్టున్న సత్యారావు. చిన్నకూతురి పెళ్ళి. కార్డు ఒకవైపు తెలుగు, మరోవైపు ఒడియా. బుధవారం కాబట్టి పన్నెండింటికి రాహుకాలం మొదలవుతుంది. ఆలోగా మొదటి కార్డు చేతికి రావాలి, నాలుగు మూలలా పసుపు పెట్టాలి. అందుకే తెల్లారి లేచి బస్సెక్కానని ఆయన చెబుతున్నాడు. గోడ గడియారంలో పదకొండు కావస్తోంది.

ఈశ్వరి మీట నొక్కింది. ఆమె మానిటరు మీద నీలం రంగు తప్ప ఏమీ లేదు. ఇంకోటి నొక్కింది. అదే నీలం. కర్టెను అవతల సత్యారావు గొంతు.

"ఈ డబ్బాలేటి బాబూ? మాయమ్మి పేరేది?"

కంప్యూటరు వేడెక్కిందని ఫణిభూషణ్ ఏదో అన్నాడు. దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. తర్వాత కర్టెను పక్కకు తప్పించి లోపలికొచ్చాడు.

"ఏటి సేసినావు?" అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

"నేనేటీ సెయ్యలేదు. నిన్న మీరేటి సేసినారు?"

నిన్న ఆమె గోపాల్‌పూర్‌లో పేరంటానికి వెళ్ళింది. ఫణిభూషణ్ నేల చూశాడు. ఎక్కువేం చెయ్యలేదట. కంప్యూటరు తెరవగానే ఈశ్వరి అని పేరు కనబడుతోందని, ఆ పేరు కింద తన పేరుతో ఇంకో ఖాతా తెరిచాడట. పొద్దున దాంట్లోంచే లోపలికెళ్ళాడట.

"కొట్టు నాదైనప్పుడు పేరు నాది ఉండొద్దా? కస్టమర్లు సూస్తే సిగ్గేస్తంది."

ఆమెకు అంతా ఒక్కసారి తేటపడింది. ఫాంట్లు ఆమె ఖాతాలో ఉన్నాయి. ఒడియా మీట ఆమె ఖాతాలో ఉంది. రెండు మానిటర్లూ ఒకటే చూపించాలన్న సంగతి కూడా ఆమె ఖాతాకే తెలుసు. కొత్త పేరంటే వేరుకాపురం. ఉప్పు దగ్గర్నుంచి మళ్ళీ తెచ్చుకోవాలి. అతను పేరు ఒక్కటే తెచ్చుకున్నాడు.

ముందుగది మానిటరు దగ్గరికి వెళ్ళాలంది. ఇక్కడ నీలం తప్ప ఏమీ కనబడదంది. ఫణిభూషణ్ ఒక్క క్షణం ఆలోచించి, బిందెలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి ఆమె చేతికిచ్చాడు.

"ఆయనకి మంచినీళ్ళివ్వడానికొచ్చినట్టు రా. పక్కన నిలబడి మెల్లిగా నొక్కేసి ఎల్లిపో."

ఆమె గ్లాసు పట్టుకుని కొట్టులోకి వచ్చింది. సత్యారావుకు నీళ్ళిచ్చింది. ఫణిభూషణ్ అప్పటికే తన కుర్చీలో కూర్చున్నాడు. అతని భుజం మీదుగా వంగి మౌసు అందుకోవాలి. అలా కూడా చెయ్యవచ్చు. ఫాంట్లు అతని ఖాతాలోకి తెచ్చి, మీట మార్చి, మానిటర్లు కలిపేస్తే పదినిమిషాల పని. ఎవరికీ ఏమీ తెలియదు. మధ్యాహ్నానికి అతని పేరు కింద ఆమె ఆరేళ్ళూ సర్దుకుని కూర్చుంటాయి. రేపటినుంచి ఈశ్వరి అనే పేరు కంప్యూటరులో కూడా అక్కర్లేదు. ఆమె నడుము వంచబోయింది. నడుము వంగలేదు.

"లెగండి," అంది.

అతను వినబడనట్టు చూశాడు. సత్యారావు ఖాళీ గ్లాసు బల్లమీద పెట్టి గడియారం వంక చూశాడు.

"లెగు బాబూ. యేళైపోతంది."

ఫణిభూషణ్ లేచాడు. ఈశ్వరి కూర్చుంది. ఆ కుర్చీ ఆమెకు ఎత్తైంది. అతని ఖాతా మూసేసింది. మానిటరు మీద రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. సత్యారావు చూస్తుండగానే ఆమె తన పేరు మీద నొక్కింది.

అక్షరాలు వచ్చాయి. ఒత్తులు తమ చోట నిలబడ్డాయి. ఆయన పెళ్ళికూతురి పేరు చెబుతుంటే ఆమె కొట్టింది. మధ్యలో ఎవరూ తిరిగి పలకలేదు. పెళ్ళికొడుకు ఊరు, ముహూర్తం, విందు. తెలుగు అయ్యాక మీట నొక్కి ఒడియాకు తిరిగింది. ఆయన తెలుగులోనే చెబుతూ పోయాడు, ఆమె ఒడియాలో వేస్తూ పోయింది. చెబుతున్నవాడు కాసేపటికి ఆగిపోయి ఆమె వేళ్ళవంక చూశాడు.

"మా పెద్దమ్మి కార్డు కూడా నువ్వేనా అమ్మా సేసినావు?"

"నేన్నేర్పినాను," అన్నాడు ఫణిభూషణ్ వెనకనుంచి.

"సూస్తన్నాను బాబూ," అన్నాడు సత్యారావు, అటు తిరక్కుండా.

పదకొండూ నలభైకి ప్రింటరులోంచి మొదటి కార్డు వచ్చింది. ఆయన జేబులోంచి పసుపు పొట్లం తీసి నాలుగు మూలలా అద్దాడు. మిగతావాటికి శనివారం వస్తానన్నాడు. గుమ్మం దాటుతూ, వెళ్ళొస్తానమ్మా అని ఆమెకే చెప్పాడు.

అరుగు మీద పేపరు చదువుతున్న మామగారు అప్పటికి లోపలికొచ్చి నిలబడ్డాడు. కోడలు కుర్చీలో, కొడుకు గోడవార. రెండుసార్లు అటూ ఇటూ చూశాడు. పని అయిపోయింది కదా, ఇక లోపలికి వెళ్ళమన్నాడు. సాయంత్రం ఖాళీ చేసుకుని అన్నీ అబ్బాయి పేరు మీదికి మార్చెయ్యమన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. తలుపు గడియ వెయ్యమన్నట్టుగా చెప్పాడు. ఫణిభూషణ్ కర్టెను పైకెత్తి లోపలికి తొంగిచూశాడు. అతని ముఖం తేలికపడింది.

"లోపల మానిటరు కూడా వచ్చేసింది. ఎల్లు."

గుమ్మంలో ఎవరో చెప్పులు విడుస్తున్నారు. కొత్త బేరం. ఈశ్వరి కుర్చీ కింద మీట తిప్పి, పాదాలు నేలకు ఆనేదాకా కిందికి దించుకుంది. తల తిప్పలేదు.

"వచ్చింది. ఇక్కడ నేనేటి కొడితే అక్కడ అదే కనబడతాది. మీరెల్లి అక్కడ కూకోండి."