ఉమ్మడి వాచీ

కెనడాలోని థండర్ బే ఊళ్లో వాచీల పిచ్చి ఉన్నవాళ్లం ఓ పదిమందిమి ఉంటాం. నెలకో శనివారం పొద్దున్నే ఫిన్లాండు వాళ్ల పాన్‌కేకుల హోటల్లో కలుస్తాం. ప్లేట్లు వచ్చేలోపు చేతికున్నవి విప్పి బల్లపై పరిచిన గుడ్డ మీద పెడతాం. ఒకరివొకరం చెవి దగ్గర పెట్టుకుని వింటాం. నా పేరు వెరా. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాను. నాకున్నది మా అత్తగారు ఇచ్చిన కీ వాచీ ఒక్కటే. రోజూ కాఫీ తాగుతూ దానికి కీ ఇవ్వకపోతే నాకు తెల్లారినట్టుండదు.

మాలో రెయినో, ఆర్మాండ్ ఇద్దరిదీ ఒకే వాచీ. ఒకేలాంటిది కాదు, ఒకటే.

వాళ్లిద్దరూ కుర్రతనంలో మా ఊరి ముందున్న లేక్ సుపీరియర్ సరస్సు మీద గోధుమలు మోసే ఓడలో కలిసి పనిచేశారు. ఆ ఓడలో రెండో ఇంజనీరు చేతికి స్విట్జర్లాండు వాచీ ఒకటి ఉండేదట, నీళ్ల అడుగుకి డైవ్ చేసేవాళ్లు పెట్టుకునే రకం. నల్లటి డయలు, చుట్టూ తిప్పే నల్ల చక్రం, మందపాటి స్టీలు చైను. ఆయన రెయిలింగు మీద చెయ్యి వేసి నిలబడితే ఎండ దాని మీద పడి వీళ్ల కళ్లలోకి కొట్టేది. ఓ రోజు ఆయనకేం బుద్ధి పుట్టిందో, విప్పి ఆర్మాండ్ చేతికి పెట్టాడు, తర్వాత రెయినో చేతికి. ఆ కాసేపే. అప్పట్నుంచీ ఇద్దరికీ అదే కోరిక. పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, ఇళ్లు కట్టారు. వీళ్ల జీతాలు పెరిగేలోపు దాని ధర ఇంకా పైకి పోయేది. చివరికి ఇద్దరూ రిటైరయ్యాక విన్నిపెగ్‌లో ఓ ముసలాయన దగ్గర అచ్చం అలాంటిదే అమ్మకానికి వచ్చిందని తెలిసింది. ఒక్కడికి అందేది కాదు. ఇద్దరూ కలిసి కొన్నారు.

ఓ నెల ఇతని దగ్గర, ఓ నెల అతని దగ్గర. రెయినో చెయ్యి పడవ కట్టే గుంజలా ఉంటుంది. ఆర్మాండ్‌ది సన్నం. అందుకని చేతులు మారినప్పుడల్లా హోటలు బల్ల మీద పాన్‌కేకుల సిరప్ సీసా పక్కకు జరిపి, చైనుకి లింకులు తియ్యడమో తగిలించడమో చేసేవాళ్లు.

"విడాకులు తీసుకున్నోళ్లు పిల్లాణ్ణి పంచుకున్నట్టుంది మీ యవ్వారం," అనేది రెయినో భార్య లినియా. "బట్టల సంచీ కూడా ఇచ్చి పంపండి మరి."

ఆ వాచీ కొత్తగా ఏమీ ఉండేది కాదు. నల్ల చక్రం బూడిద రంగుకి తిరిగింది. డయలు మీది తెల్ల చుక్కలు లేత పసుపుకి వచ్చాయి. ఒంటినిండా గీతలు. రెయినోకి అవంటే ప్రాణం. "ఇవన్నీ ఎవడో బతికిన బతుకురా. డబ్బిస్తే వచ్చేవి కావు," అనేవాడు.

మొన్న శీతాకాలం ఆర్మాండ్ దగ్గరున్నప్పుడు అది వెనకబడటం మొదలెట్టింది. టొరంటోలో ఓ రిపేరు షాపుకి పంపాడు. వాళ్లు ఫోన్ చేసి, నూనె వేసేటప్పుడే పాలిష్ కూడా పెట్టమంటారా అని అడిగారు. ఆర్మాండ్ పెట్టమన్నాడు.

మా సంగతి తెలియనివాళ్లకి ఇదేమంత విషయం అనిపిస్తుంది. పాలిష్ పెడితే గీతలతోపాటు పైనున్న లోహం కూడా అరుగుతుంది. కత్తిలా ఉన్న అంచులు సబ్బుబిళ్లలా గుండ్రమవుతాయి. పోయిన అంచు మళ్లీ రాదు.

ఆ శనివారం ఆర్మాండ్ మురిసిపోతూ దాన్ని గుడ్డ మీద పెట్టాడు. రెయినో చేతిలోకి తీసుకుని వేలితో అంచు తడిమాడు.

"ఏం చేశావురా దీన్ని?"

"చూడు, అచ్చం ఆ రోజు ఓడ మీద ఉన్నట్టే లేదూ? ఆ మెరుపు గుర్తుందా నీకు?"

"అన్నీ తుడిచేశావు కదరా! నాతో ఒక్క మాట అనాలనిపించలేదా?"

"నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. మనం చూసినప్పుడు కొత్తది. అప్పుడు ఎలా ఉందో ఒక్కసారి చూద్దామనిపించింది."

"అప్పుడు నువ్వూ కొత్తవాడివే. నీకూ పాలిష్ పెట్టిద్దామా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. రెయినో నవ్వలేదు. వాచీ అక్కడే పెట్టి, "నువ్వే ఉంచుకో," అని కోటు తీసుకుని వెళ్లిపోయాడు. పాన్‌కేకు ముట్టుకోలేదు. ఆర్మాండ్ వాచీని జేబులో వేసుకున్నాడు.

తర్వాత రెయినో మా దగ్గరకు రావడం మానేశాడు. ఆర్మాండ్ వచ్చేవాడు గానీ ఉత్త చేత్తో వచ్చేవాడు. ఆ వాచీని సొరుగులో పడేశానన్నాడు. దాన్ని చూస్తే తప్పు చేసినవాడిలా ఉంటుందట.

మే నెలలో లినియా ఆర్మాండ్ ఇంటి తలుపు కొట్టింది. ఈ సంగతి నాకు తర్వాత తనే చెప్పింది.

"ఏదీ ఆ వాచీ, ఇటివ్వు."

"రెయినో అడిగాడా?" అన్నాడట ఆర్మాండ్ ఆశగా.

"ఆయన నోరు విప్పి ఎన్నాళ్లయిందనీ! నేనే అడుగుతున్నాను. మా ఇంటి సగం వాటా నేను తీసుకెళ్తున్నా."

చైను ఆమె చేతికి గాజులా వదులుగా ఉంది. అయినా అలాగే పెట్టుకుని వెళ్లిపోయింది. వేసవంతా రెయినో, తనూ చెరువు గట్టున ఉన్న క్యాంపులోనే, అంటే వాళ్ల చిన్న వేసవి ఇంట్లోనే ఉన్నారు.

సెప్టెంబరులో ఓ శనివారం హోటలు తలుపు తెరుచుకుంది. ముందు లినియా, వెనక బలవంతాన వచ్చినట్టు రెయినో. ఆర్మాండ్ లేచి నిలబడ్డాడు. మళ్లీ కూచున్నాడు. లినియా స్వెట్టర్ చేతులు పైకి మడిచి, వాచీ విప్పి గుడ్డ మీద టక్కున పెట్టింది.

దాని ఒళ్లంతా గీతలు. ఓ అంచు మీద సొట్ట కూడా.

"ఇదెక్కడిది నీ దగ్గర?" అన్నాడు రెయినో తెల్లబోయి.

"మే నెల నుంచీ నా చేతికే ఉంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నేను దాచానా? దీన్ని పెట్టుకునే నీకు అన్నం పెట్టాను. నీ జుట్టు కత్తిరించాను. హోటలుకొచ్చే ప్రతివాడి మణికట్టూ చూస్తావు కదయ్యా, వేసవంతా ఒక్కసారి నాది చూశావా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. రెయినో చెవుల దాకా ఎర్రబడ్డాడు. కళ్లజోడు పెట్టుకుని వాచీని కిటికీ వెలుగులోకి తిప్పాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఈ గీత?"

"పొయ్యిలోకి బర్చ్ చెట్టు కట్టెలు పేర్చేటప్పుడు. ఒక్కదాన్నే పేర్చాను. నీకు నడుం నొప్పన్నావు."

"ఇది?"

"పడవ మోటారు. స్టార్టు కాలేదు, తన్నాను, జారాను."

"పడ్డావా? నాకు తెలియదే!"

"మోకాలు వాచింది. నువ్వు రేవు చివర కూచుని చేపల మీద అలుగుతున్నావు."

"ఈ సొట్టో?"

"అది నీదే. ఆవిరిస్నానం గది తలుపు విసురుగా వేశావు, నా చెయ్యి అడ్డం ఉంది. వాచీ లేకపోతే ఎముక విరిగేది."

రెయినో వాచీ కింద పెట్టేసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మణికట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. మేమంతా ప్లేట్లలోకి చూస్తూ కూచున్నాం.

కాసేపటికి ఆర్మాండ్ గొంతు సవరించుకున్నాడు. "నిన్ను అడగాల్సిందిరా. బుద్ధి తక్కువై చేశాను."

"నాకూ తక్కువేలే," అన్నాడు రెయినో. "అంత చిన్న విషయానికి నెలల తరబడి... పాన్‌కేకులు చెప్పావా నాకు?"

"నీ డబ్బుతోనా, నా డబ్బుతోనా?"

"నీదే. ఆ రోజు నేను తినకుండా పోయిన ప్లేటు బాకీ ఉన్నావు."

ఇకమీదట వాచీ ఎవరి దగ్గరుండాలన్న మాట వచ్చింది. రెయినో దాన్ని లినియా వైపు జరిపాడు. "వేసవంతా నీదే, ప్రతి ఏడూ. మిగతా నెలలు మేం చూసుకుంటాం." ఆర్మాండ్ సరేనని తలూపాడు.

లినియా దాన్ని మళ్లీ చేతికి తొడుక్కుని, నా వైపు తిరిగి, "వెరా, నీ వాచీ ఏదీ, ఒకసారి విననీ," అంది. విప్పి ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. పక్కన మగవాళ్లిద్దరూ అప్పుడే ఓడ కబుర్లలో పడ్డారు. "కాస్త గొంతు తగ్గించండర్రా," అని వాళ్లని కసిరి, మళ్లీ వినసాగింది.