గడప దాటని హక్కు

నాగేశ్వర్ చనిపోయిన ఏడాదికి, తొంభై ఒకటిలో, వాళ్ల కులగురువు ఆర్మూరుకు వచ్చారు. పసుపు మార్కెట్ పక్కన, రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి దుకాణం, దాని వెనక ఇల్లు అన్నదమ్ములిద్దరివీ. నాగేశ్వర్‌కు పిల్లల్లేరు. అతని వాటా మాట వచ్చినప్పుడల్లా అన్న ప్రహ్లాద్, "ఇంటి పంచాయితీ కోర్టుకెందుకు? స్వామివారు ఎట్లంటే గట్ల" అంటూ వచ్చాడు.

పాదపూజ అయ్యాక ప్రహ్లాద్, నాగేశ్వర్ భార్య వసుమతి ముందు ఓ కాగితం పెట్టాడు. గురువుగారి తీర్పుకు కట్టుబడతానని అందులో ఉంది. తీర్థం పట్టిన చెయ్యి ఇంకా తడిగానే ఉంది. కులపోళ్లంతా చూస్తుంటే కాదనలేక సంతకం చేసింది.

సాయంత్రానికి తీర్పు చదివారు. దుకాణం, ఇల్లు ప్రహ్లాద్‌వి. వసుమతికి వెనక గది, తిండి, బట్ట. ఇల్లు విడిచిపోతే అవీ ఉండవు.

"నన్నొక్క మాటన్నా అడగకపోతిరి బావగారూ" అంది వసుమతి.

"స్వామి మాటకు ఎదురు మాట్లాడుతవా? జర ఇంటి మర్యాద జూడు" అన్నాడు ప్రహ్లాద్.

వసుమతి కంటి దవాఖానకని చెప్పి నిజామాబాద్ పోయి, విజయలక్ష్మి అనే వకీలును కలిసింది.

"నీ భర్త వాటా చట్టప్రకారం నీదేనమ్మా" అంది విజయలక్ష్మి. "సంతకం చేసినవు కాబట్టి కొట్లాట తప్పదు. ఒక్కటి మాత్రం యాదుంచుకో. ఆ గదిల నుంచి కదలకు. ఒక్క రాత్రి బయట పండుకున్నా తాళమేస్తరు."

వసుమతికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. గురువూ అక్కడే ఉండమన్నారు, వకీలమ్మా అక్కడే ఉండమంటోంది.

కోర్టు నోటీసు చేరిన రోజు నుంచి ఇంట్లో ఆమెతో మాటలు బందయ్యాయి. తోడికోడలు అన్నం గిన్నె గది ముందు పెట్టి, తలుపు తట్టకుండానే పోయేది. గుడికి పోతే, గురువు మాట కాదన్న మనిషని పక్కకు తప్పుకునేవారు. పసుపు దిగే రోజుల్లో ప్రహ్లాద్ కిటికీ నిండా బస్తాలు పేర్పించేవాడు. పగలే లైటు వేసుకుని, ఘాటుకు దగ్గుతూ కూర్చునేది.

మూడో ఏట బాల్కొండలో తల్లి మంచాన పడింది. వసుమతి పొద్దున బస్సుకు పోయి, ఒళ్లు తుడిచి, జావ తాగించి, చీకటి పడక ముందే లేచింది.

"గీ ఒక్క రాత్రి ఉండరాదే బిడ్డా" అంది తల్లి.

"రేపు మళ్ల వస్త అమ్మా."

తల్లి ఆమె కొంగు వదల్లేదు. వసుమతే ఒక్కో వేలూ విడదీసుకుని బయటపడింది. తెల్లారి బస్సు దిగి వచ్చేసరికి తల్లి వాకిట్లో జనం ఉన్నారు.

ఆ తర్వాత ఏడాదికి తీర్పు వచ్చింది. సంతకం ఆమె ఇష్టపడి చేసింది కాదనీ, రిజిస్టరు కాని కాగితంతో ఇల్లు చేతులు మారదనీ, సగం వసుమతిదేననీ జడ్జి చెప్పాడు. వారం తిరక్కుండానే ప్రహ్లాద్ హైదరాబాద్‌లో అప్పీలు వేసి స్టే తెచ్చాడు.

"ఇంక ఎన్నేండ్లు మేడం?" అని అడిగింది వసుమతి.

విజయలక్ష్మి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "చెప్పలేనమ్మా. అప్పటిదాకా గది మాత్రం ఇడువకు."

ఇంటికి వచ్చేసరికి తోడికోడలు గడపలో నిలబడి ఉంది. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"గెలిచినవంట గదా!"

"గెలిచిన అక్కా" అని, ఆమెను దాటుకుని వసుమతి వెనక గదిలోకి పోయింది.