రామి పేరు మీద ఇల్లు

"ఊరందరికి ఇండ్లు పంచుతది గని, మా స్వాతికి ఒక్కటియ్యనీకి చెయ్యి రాదు."

బుచ్చవ్వ ఆ మాట కోడలితో అనలేదు. గడప దగ్గర కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ గోడతో అన్నట్టు అన్నది. వంటింట్లో ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద కూర చూసుకుంటూ డబ్బాలు సర్దుతున్న కల్పనకు వినిపించింది. ఆ ఇంట్లో ఆమెకు చేరాల్సిన మాటలన్నీ గోడకు తగిలే వస్తాయి. స్వాతి బుచ్చవ్వ కూతురు. కొడకండ్లలో రెండంతస్తుల ఇంట్లో ఉంటుంది. టౌన్‌లో సర్కారిల్లు ఒకటి దొరికితే కిరాయికి ఇచ్చుకోవచ్చని ఆమె మొగుడి ఆశ. ఆ ఆశ నెలల తరబడి రోజూ కల్పన అన్నం కంచంలోకి వచ్చి పడుతూనే ఉంది.

టౌన్ మునిసిపాలిటీలో ఇండ్ల పథకం కల్పనే చూస్తుంది. పొదుపు సంఘాలకూ, తోపుడుబండ్ల వాళ్లకూ బ్యాంకు అప్పులిప్పించే పనీ ఆమెదే. చూస్తుందంటే ఎండలో గల్లీ గల్లీ తిరుగుతుంది, ఇల్లు రానివాళ్ల తిట్లు తింటుంది, ఇల్లొచ్చినవాళ్లకు నల్లా రాకపోతే ఆ తిట్లూ తింటుంది. ఇండ్లు పంచిన రోజు మంగళహారతులు పట్టుకున్న ఆడవాళ్లను పొద్దున్నుంచి వరుసలో నిలబెట్టింది తనే. పెద్దలు వచ్చి తాళంచెవులిచ్చి ఫొటోలు దిగుతుంటే, కమిషనర్ ఆమె వైపు తిరిగి, "మేడం, చాయ్ సంగతి జర చూడుండ్రి" అన్నాడు. చూసింది. ఇంటికి ఆలస్యంగా వస్తే మొగుడు ప్రదీప్ టీవీ మీద నుంచి కన్ను తీయకుండా, "మేం పంపితెనే నౌకరీ చేస్తున్నవ్, యాది పెట్టుకో" అన్నాడు. ఆ మాట పెళ్లయిన కొత్తలో ముద్దుగా అనేవాడు. ఎప్పుడు మారిందో కల్పనకు గుర్తు లేదు. మారలేదేమో, తనకే అప్పుడు వినబడలేదేమో.

ఆ ఎండాకాలం పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇల్లు తీసుకుని అందులో ఉండనివాళ్ల కేటాయింపు రద్దు చేయమని. కల్పన టౌన్ చివరి కాలనీలో బ్లాకుబ్లాకూ తిరిగింది. ఒక బ్లాకులో పై అంతస్తుకు ఎక్కేసరికి ముక్కు మండింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రామి అనే లంబాడా ఆమెకు వచ్చిన ఇల్లది. తలుపుకు పెద్ద తాళం. సందుల్లోంచి మిర్చి ఘాటు. రామి మొగుడు భోజ్యా ఆ ఇంటిని మిర్చి వ్యాపారికి బస్తాలు పెట్టుకోవడానికి ఇచ్చాడనీ, రామిని గార్ల దగ్గర తల్లిగారి తండాకు తరిమేశాడనీ పక్కింటామె కొంగు అడ్డం పెట్టుకుని చెప్పింది.

కమిషనర్ సగం విని, "తాళం ఉంటే రద్దే గద మేడం, కథలెందుకు" అన్నాడు. ఆ పూట అన్నాల దగ్గర కల్పన నోరు జారి ఈ సంగతంతా చెప్పింది. ప్రదీప్ ముఖం వెలిగింది. ఇంకేం, దాన్నే స్వాతికి రాయమన్నాడు. ఎవరి నోరూ కొట్టినట్టు కాదన్నాడు, ఖాళీగా ఉన్నదే కదా అన్నాడు. బుచ్చవ్వ చాలా రోజుల తర్వాత కోడలి వైపు సూటిగా చూసి, ఇంకింత కూర వేసుకోమంది.

కల్పన మర్నాడు సెలవు పెట్టి గార్ల బస్సెక్కింది.

రామి మిర్చి చేన్లో కూలికి కాయ ఏరుతోంది. ఆఫీసామెను చూసి ముందు భయపడింది. ఇంట్లో ఎందుకు ఉండటం లేదని అడిగితే మిర్చి మంటకు ఎర్రబడ్డ చేతులు చీరకు తుడుచుకుంది.

"పేరు నాదే మేడం. తాళంచెవి ఆయన మొలతాడుకుంటది."

బస్తాలు వద్దని అడ్డం నిలబడ్డందుకు కొట్టి వెళ్లగొట్టాడట. చెప్పేటప్పుడు ఏడవలేదు. ఒక్క విషయం చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారింది. "ఆ ఇంట్ల తలుపేసుకొని పండుకున్న మేడం. పుట్టినకాంచి గట్ల పండుకునుడు గదే మొదలు."

తిరుగు బస్సులో కల్పన ఆ మాట గురించే ఆలోచించింది. తనకు తలుపులున్న ఇల్లుంది. కానీ ఏ తలుపైనా వేసుకుని కూచుంటే, ఒంట్లో బాగలేదా, ఎవరితో ఫోన్ మాట్లాడుతున్నవని రెండో నిమిషంలో దబదబ బాదుతారు.

కమిషనర్‌తో వాదించింది. మీ జిమ్మేదారి మీద చేసుకోండన్నాడు. కల్పన మహిళా కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని తాళం పగలగొట్టించింది, బస్తాలు బయటికి లాగించింది, రామిని పిలిపించి కొత్త తాళంచెవి చేతిలో పెట్టింది. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే ఒళ్లు తేలికగా అనిపించింది. చాన్నాళ్లకు ఒక పని పూర్తిగా చేసినట్టనిపించింది.

వారం తిరక్కముందే భోజ్యా వచ్చి రామిని మెట్ల మీది నుంచి తోసేశాడు.

దవాఖానలో చేయి విరిగి, దవడ వాచి పడుకున్న రామి, పోలీసులు అడిగితే కాలు జారిందని చెప్పింది. కల్పనను మాత్రం అందరూ నిలదీశారు. మనమున్నది ఇండ్లు కట్టించనీకా, కాపురాలు కూల్చనీకా అని కమిషనర్ అందరి ముందూ అడిగాడు. ఆమె సంసారంలో ఈమెకేం పని అని బుచ్చవ్వ గోడతో అన్నది. ప్రదీప్ ఫోన్ చూసుకుంటూ, "ఏమైతేంది, ఇగ ఖాళీ అయితది. స్వాతికి చెప్పుమంటవా?" అన్నాడు. అతని గొంతులో పగ లేదు, కోపం లేదు.

రామి మంచం పక్కన కూచుంటే ఆమె కళ్లు తెరవకుండానే అన్నది. "ఆయన పేరు మీదనే రాయుండ్రి మేడం. నన్ను బతకనిస్తడు."

"అట్ల రాయరాదు రామీ. సర్కారు ఆడోళ్ల పేరు మీదనే ఇస్తది."

రామి కళ్లు తెరిచింది. వాచిన దవడతో ఒక్కో మాటా కూడగట్టుకుని అడిగింది. "మీ ఇల్లు ఎవరి పేరు మీదున్నది మేడం?"

అందులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకుందామనే అడిగింది. కల్పన జీతంలోంచే ఇప్పటికీ ఇంటి లోను కట్ అవుతోంది. రిజిస్ట్రేషన్ నాడు ప్రదీప్, "నీ పేరైతేంది, నా పేరైతేంది, ఒక్కటే గద" అన్నాడు. ఒక్కటే అయితే నా పేరే రాయించమని ఆమె అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. సాక్షి సంతకాలకు వచ్చిన వాళ్లకు చాయ్ పెట్టడంలో ఉండిపోయింది. ఊళ్లో ఎంతోమంది ఆడవాళ్లకు, ఇది నీ పేరు మీదున్న ఇల్లమ్మా అని తనే చెప్పింది. ఆ మాటకు బరువెంతో తనకే తెలియదు.

"ఆయన పేరు మీద" అని మెల్లగా చెప్పింది. రామి మళ్లీ కళ్లు మూసుకుంది.

దవాఖాన నుంచి పంపించిన రోజు రామిని తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. ఎక్కడికి పోతావని అడిగితే, "ఇంటికే" అన్నది. కల్పన ఆటో పిలిచింది. బ్లాకు మెట్ల కింద భోజ్యా ఇద్దరు మనుషులతో కూచుని ఉన్నాడు. ఆఫీసామెను చూసి కదల్లేదు, తుపుక్కున ఉమ్మి, "ఎన్ని పొద్దులు కావలుంటది" అని పక్కవాడితో అన్నాడు. కల్పన, రామి అతన్ని దాటుకుని పైకెక్కారు. ఇరుగుపొరుగు తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

లోపల మిర్చి ఘాటు ఇంకా పోలేదు. ఇద్దరికీ దగ్గు. కల్పన చీర ఎగదోపుకుని నేల కడిగింది, కిటికీ రెక్కలు తుడిచింది, రామికి చాప పరిచింది. పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. ఎక్కడున్నవన్నాడు ప్రదీప్. చెప్పింది. పొయ్యి వెలగలేదనీ, అమ్మకు షుగర్ గోలీలు దొరకడం లేదనీ అన్నాడు. ఆ లంబాడీ దానితో ఏం పనని అడిగాడు.

"ఇప్పుడే బయల్దేరు. లేకపోతే మల్ల ఈ గడప తొక్కకు. ఇల్లు నాది."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. కానీ ఇవాళ బెదిరింపులా వినిపించలేదు, ఉన్న సంగతే చెబుతున్నట్టుంది. నిజంగా ఆ ఇల్లు అతనిదే. కాగితం మీదా అతనిదే, మాటలోనూ అతనిదే. ఇన్నేళ్లూ ఆమె ఉన్నది అతని దయ మీదే.

కల్పన ఫోన్ ఆపేసింది. కింద భోజ్యా ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. కట్టు కట్టిన చేయి పొత్తి కడుపుకు ఆనించుకుని రామి ఆ గొంతు వింటోంది. కల్పన వెళ్లి ఆమె ఎదురుగా కూచుంది. ఇన్నేళ్లుగా ఊళ్లో ఆడవాళ్లు తన బల్ల ముందు నిలబడి అడిగినట్టే, కొంచెం తలొంచుకుని అడిగింది.

"రామీ, నన్ను గూడ నీ ఇంట్ల ఉండనిస్తవా?"