నాన్నను తీసుకురమ్మన్న రోజు

స్వపరిపాలన దినం అంటే పిల్లలకు పండగ, టీచర్లకు విశ్రాంతి. కనీసం పేరుకు అంతే. ఆ ఒక్క రోజు పిల్లలే టీచర్లు, పిల్లలే హెడ్మాస్టరు. అసలు టీచర్లు వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చోవాలి. చిక్కడపల్లి సందులో ఉన్న ఆ చిన్న బడిలో ఏటా ఒంటిపూట బడులు మొదలయ్యాక, పరీక్షలు ఇంకా నెత్తిన పడకముందు ఈ సంబరం జరుపుతారు. మూడో తరగతి టీచరు స్వరూప కూడా ఆ పొద్దున మోకాళ్లు గడ్డానికి తగిలేలా బుల్లి బెంచీలో ఇరుక్కుని కూర్చుంది.

ఆమె కుర్చీలో మహిత ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల, వాళ్లమ్మ పట్టుచీర చుట్టుకొచ్చింది. నడుస్తుంటే చీర ఒక పక్కకు, పిల్ల ఒక పక్కకు పోతున్నాయి. గొంతు మాత్రం అచ్చం స్వరూపదే.

"ఏందిరా ఆ లొల్లి? ఇదేమన్న చేపల బజారా?" అంది మహిత, స్కేలుతో బల్ల మీద కొట్టి.

క్లాసంతా పగలబడి నవ్వింది. స్వరూప కూడా నవ్వింది. నేను నిజంగా ఇలాగే అరుస్తానా అని లోపల కొంచెం గుచ్చుకుంది కూడా.

శ్రావణ్‌కు ఇంతకంటే మంచి రోజు ఎప్పుడు దొరుకుతుంది? బెంచీ కిందికి దూరి పిల్లిలా అరిచాడు. ఏడాది పొడుగునా ఆ పిల్లితో వేగింది స్వరూప.

"శ్రావణ్, నీకు చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది" అంది మహిత నడుం మీద చెయ్యి పెట్టుకుని. "పో, హెడ్మాస్టర్ దగ్గరికి పో. మీ నాన్నను తీసుకొచ్చినంకనే క్లాసుల అడుగు పెట్టు."

అదీ స్వరూప మాటే. రెండు రోజులకోసారైనా అంటుంది. కాకపోతే వాడు గుమ్మం దాకా పోగానే, "సరే, ఈసారికి కూర్చో" అని వెనక్కి పిలుస్తుంది. ఆ రెండో సగం మహితకు గుర్తు లేదు. శ్రావణ్ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు. మహిత అప్పటికే బోర్డు వైపు తిరిగి భాగహారం రాస్తోంది. పిలుద్దామా అనుకుంది స్వరూప. ఈ రోజు నేను పిల్లనే కదా, ఆట చెడగొట్టడం ఎందుకు అనుకుని ఊరుకుంది. పోయి పోయి ఎక్కడికి పోతాడు, రెండు గదులవతలికే కదా.

ఆ తర్వాత క్లాసు రసవత్తరంగా సాగింది. స్వరూప కావాలని లెక్క తప్పు చేసి బెంచీ ఎక్కి నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టి కొట్టి అలసిపోయారు. ఇంటర్వెల్ గంట మోగి అందరూ నీళ్ల కుళాయి మీద పడ్డాక, శ్రావణ్ బెంచీ కింద వాడి సంచీ ఆమె కంటబడింది. వాడింకా తిరిగి రాలేదు.

హెడ్మాస్టరు గదిలో ఐదో తరగతి సాయిచైతన్య కాళ్లు నేలకందని పెద్ద కుర్చీలో, వాళ్ల నాన్న టై కట్టుకుని కూర్చున్నాడు.

"శ్రావణ్ ఏడి?"

"నాన్నను తీసుకురమ్మని పంపించిన టీచర్" అన్నాడు హుందాగా.

"ఎక్కడికి పంపినవ్?"

"వాళ్ల నాన్న దగ్గరికి."

గేటు దగ్గర వాచ్‌మన్ లేడు. స్వపరిపాలన అతనికీ వర్తించింది మరి. తన ఈలా కర్రా ఇంకో ఐదో తరగతి కుర్రాడికి అప్పజెప్పి మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. "హెడ్మాస్టర్ సార్ పంపిండన్నడు టీచర్, గేటు తీసిన" అన్నాడు ఆ బుల్లి వాచ్‌మన్, ఈల నోట్లోంచి తీసి.

శ్రావణ్ వాళ్ల నాన్న ఎల్లేశం అశోక్‌నగర్‌లో ఇస్త్రీ బండి నడుపుతాడు. బడికీ ఆ బండికీ మధ్య నారాయణగూడ నుంచి క్రాస్‌రోడ్స్‌కు పోయే రోడ్డు. అక్కడ బస్సులు పెద్దవాళ్లకే దారివ్వవు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి స్వరూప సందులో పరుగు తీసింది. కొబ్బరికాయలమ్మే అబ్బాయినీ, మెడికల్ షాపు అమ్మాయినీ అడిగింది. ఎవరూ చూడలేదన్నారు. మెయిన్ రోడ్డు మీద ఏదో బస్సు కీచుమని బ్రేకు వేసింది. దేవుడా, వాడికేమీ కాకుండా ఉంటే చాలు, జన్మలో ఎవరినీ పల్లెత్తు మాట అనను అని మొక్కుకుంది.

సందు మలుపు తిరిగి శ్రావణ్ వచ్చాడు. ఒక యువకుడి చిటికెన వేలు పట్టుకుని, నింపాదిగా.

స్వరూప వాణ్ని ఒక్క గుంజు గుంజి గుండెకు అదుముకుంది. ఒకటి తగిలించాలన్న కోపం, కళ్లలో నీళ్లు రెండూ ఒకేసారి వచ్చాయి. నీళ్లే గెలిచాయి. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"నమస్తే మేడం" అన్నాడు ఆ యువకుడు నేల చూపులు చూస్తూ. "నేను వీళ్ల నాన్నను."

భుజాన పుస్తకాల సంచీ, కాళ్లకు రబ్బరు చెప్పులు, ఇంకా సరిగా తిరగని మీసం. స్వరూప కన్నీళ్లలోంచే అతన్ని ఎగాదిగా చూసింది.

"అబద్ధం మేడం" అన్నాడు వెంటనే. "నా పేరు క్రాంతికుమార్. ఇక్కడ హాస్టల్ల ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న. చాయ్ తాగుతుంటే వచ్చి అంగి గుంజిండు. అన్నా, జర మా నాన్న లెక్క బడికొస్తవా, ఊకె నిలబడితే చాలు అన్నడు. నేను రానంటే ఒక్కడే రోడ్డు దాటుతడేమోనని ఒప్పుకున్న."

స్వరూపకు నవ్వొచ్చింది. అతనికి చేతులెత్తి దండం పెట్టింది. "మీ మేలు మరువను అన్నా" అంది. అతను ఇంకా సిగ్గుపడి, క్లాసుకు టైమయిందని వెళ్లిపోయాడు.

తిరిగి బడికి నడుస్తూ అడిగింది. "మీ నాన్న దగ్గరికే పోవచ్చు కదరా. ఆయన్ని తెమ్మంటే ఈ అన్నను ఎందుకు తెచ్చినవ్?"

శ్రావణ్ దారిలో ఒక రాయిని తన్నుకుంటూ నడిచాడు.

"దసరా ముందు నాన్న వచ్చినప్పుడు మీరు తిట్టిండ్రు కదా టీచర్" అన్నాడు చివరికి. "నన్ను కాదు, నాన్నను. పిల్లగాన్ని గిట్లనేనా పెంచేది అని. నాన్న తలకాయ వంచుకుని నిలబడ్డడు. ఇంటికి పోయినంక అన్నం తినలె. ఈ అన్ననైతే తిట్టినా ఏం కాదు."

ఆమెకు ఆ సంగతి అస్సలు గుర్తు లేదు. పిల్లవాడికి మాటతో సహా గుర్తుంది. సందంతా వాడి చెయ్యి వదలకుండా నడిచింది. బడికి చేరగానే, బిక్కమొహాలు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డ మహితనూ సాయిచైతన్యనూ దగ్గరికి తీసుకుంది. "మీ తప్పేం లేదు. నన్ను చూసే నేర్చుకున్నరు" అంది.

మధ్యాహ్నం బడి వదిలాక శ్రావణ్ చెయ్యి పట్టుకుని, రెండు వైపులా రెండు సార్లు చూసి రోడ్డు దాటింది. హాస్టళ్ల సందులో ఎల్లేశం చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. టీచర్ని చూడగానే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, తల వంచి నిలబడ్డాడు.

"ఏం చేసిండు మేడం?"

"వాడేం చెయ్యలేదు. మేం చేసినం" అని స్వరూప పొద్దున జరిగిందంతా చెప్పింది. చిన్నపిల్లల చేతిలో గేటు పెట్టి బెంచీలో కూర్చుని నవ్వుకున్నామని చెప్పింది. "దసరా ముందు కూడా మిమ్మల్ని అనకూడని మాట అన్ననట. మనసుల పెట్టుకోకుర్రి" అంది.

ఎల్లేశం కొడుకును దగ్గరికి లాక్కుని తల, చేతులు, కాళ్లు తడిమి చూసుకున్నాడు. వాడు నిక్షేపంగా ఉన్నాడని తేలాక గట్టిగా ఊపిరి వదిలాడు.

"నేను పొద్దుగాల బట్టలియ్యనీకె మీ బడి ముంగట నుంచే పోత మేడం" అన్నాడు మెల్లగా. "వీడు కనబడితే చూడాలనుంటది. ఆగితే మీరు లోపలికి పిలుస్తరేమోనని సైకిల్ ఆపకుండ పోత."

స్వరూప శ్రావణ్ తల నిమిరింది. "రేపు ఆగుర్రి. వీడు బొమ్మలు ఎంత మంచిగ గీస్తడో చూద్దురుగాని."

"గీస్తడా?" అన్నాడు ఎల్లేశం, తల ఎత్తి.