బొడ్డమ్మ మిక్సు

పలాసలో జోగారావు మైకు సెట్టు తెలియని వాళ్ళు లేరు. ఆయన కొడుకు ప్రేమ్‌కుమార్‌ని మాత్రం ఎవరూ మనిషి లెక్కలో వేసుకోరు. ఏం చేశాడని వేసుకుంటారు? డిగ్రీ మధ్యలో వదిలేశాడు. వైజాగ్‌లో ఒక హోటల్లో ప్లేట్లు మోశాడు. ఆ హోటల్ కింది అంతస్తు క్లబ్బులో డీజే అనేవాడు పాటల్ని ముక్కలు కోసి అతికించి జనాన్ని ఊపేస్తుంటే తలుపు సందులోంచి చూసి, పిచ్చెక్కి ఇంటికొచ్చేశాడు. వచ్చాక వాళ్ళమ్మ ప్రాణం తీసి ఒక పాత కంప్యూటర్ కొనిపించుకున్నాడు.

“పెళ్ళికి సినిమా పాటలు, గుడికి దేవుడి పాటలు. మధ్యన నీ కలుపుడేటిరా?” అని జోగారావు రోజూ సణిగేవాడు. చివరికి విసుగొచ్చి తేల్చేశాడు. “ఎల్లాజీ పెళ్ళి ఊరేగింపు నీకొగ్గీసినాను. ఊరు ఆడిందా, నీ డీజే నీది. ఆడనేదా, కంప్యూటర్ అమ్మీసి మీ మావ జీడిపప్పు కొట్లో కూకో.”

జీడిపప్పు కొట్టు పేరెత్తితేనే ప్రేమ్‌కి ఒళ్ళు మండుకొచ్చేది. ఎలాగైనా ఆ ఊరిని ఆడించి తీరాలి.

పెళ్ళికొడుకు ఎల్లాజీ వాళ్ళది మందస అవతల, సముద్రం మీద వేటకెళ్ళి బతికే ఊరు. పెళ్ళికూతురు ఉషారాణి టెక్కలి హాస్టల్లో ఉండి ఇంటర్ చదివిన పిల్ల. పెళ్ళి చీరలు కొనడానికి పలాస వచ్చి, పనిలో పనిగా ప్రేమ్ దగ్గరికొచ్చి ఒక ఇంగ్లీషు క్యాసెట్ బల్ల మీద పెట్టింది. అట్ట మీద అయిదుగురు తెల్ల కుర్రాళ్ళు, తెల్ల చొక్కాలేసుకుని, నాలుగు రోజులుగా అన్నం లేనట్టు మొహాలు పెట్టుకుని నిలబడ్డారు.

“హాస్టల్లో అందరం ఏడుసుకుంటూ ఇనేవోళ్ళం అన్నా. మా అత్తోరి ఊర్లో అడుగెట్టినప్పుడు ఈ పాటే మోగాల. కానీ అందరూ ఆడాల. సేత్తావా?”

“ఎందుకు సెయ్యను సెల్లీ!” అన్నాడు ప్రేమ్. అనడానికేం, నోరుంటే చాలు.

తీరా కూర్చుంటే ఆ పాటది నత్తనడక. వేగం పెంచితే అయిదుగురూ పిల్లికూనల్లా అరిచారు. కంప్యూటర్లో ఉన్న క్లబ్బు డ్రమ్ములు కింద పరిస్తే పాట ఒక దారి, దరువు ఒక దారి. బుర్ర వేడెక్కిపోయి జుట్టు పీక్కుంటున్న వేళ, కింద రోడ్డు మీదుగా బైరాగి అనేవాడి మేళం డప్పులు వాయించుకుంటూ వెళ్ళింది. అబ్బ, ఏం దరువది! ప్రేమ్ ఒక్క గెంతున కిటికీ దగ్గరికి పోయి, సందులోంచి మైకు బయటికి చాపి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, కళ్ళు మూసుకుని రికార్డు చేసుకున్నాడు. మేళం వెనకాల ఏం వెళ్తోందో ఒక్కసారి తొంగి చూసుంటే గొడవే ఉండేది కాదు. చూడలేదు మహానుభావుడు.

ఆ దరువులో ఒక ముక్క కోసి, దాన్నే తిప్పి తిప్పి అతికించి, పైన కుర్రాళ్ళ గొంతులు పరిచాడు. అతికినట్టు కుదిరింది! తండ్రి చెవిన పడకుండా హెడ్‌ఫోన్లలోనే మళ్ళీ మళ్ళీ విని, తన వీపు తనే తట్టుకున్నాడు.

పెళ్ళి మర్నాడు సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, ఊరేగింపు ఊళ్ళోకి అడుగుపెట్టింది. ముందు ట్రాక్టర్ మీద పెద్ద పెద్ద బాక్సులు, జనరేటర్, దాని పక్కన జోగారావు. వెనక జీపులో కొత్త దంపతులు. ప్రేమ్ దేవుడికి దణ్ణం పెట్టుకుని మీట నొక్కాడు. మొదట ఒక కుర్రాడి గొంతు సన్నగా దీర్ఘం తీసింది. “ఎవుడో పాపం, కడుపునొప్పి కావాల” అన్నారెవరో. అంతలో డప్పులు అందుకున్నాయి.

ఒక్క కాలు కదిలితే ఒట్టు. మగవాళ్ళు తలగుడ్డలు తీసేశారు. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి రోడ్డు మీదికొచ్చారు.

“ఎవులు పోనారే?”

“ఇంకెవులు, బొడ్డమ్మే! పొద్దున్నుంచి మంచం దిగనేదు!”

బొడ్డమ్మంటే పెళ్ళికొడుకు నాయనమ్మ, ఊరికంతటికీ పెద్దది. గుమ్మంలో హారతి పళ్ళెంతో నిలబడ్డ పెళ్ళికొడుకు తల్లి నూకమ్మ, పళ్ళెం వదిలేసి “ఓలమ్మో, అత్తా!” అని గుండెలు బాదుకుంటూ లోపలికి పరిగెత్తింది.

జోగారావు ట్రాక్టర్ మీద ఎగిరిపడ్డాడు. “ఒరే ఎదవా, అది సావు దరువురా! ఆపు!”

మైకు సెట్ల మధ్య పెరిగిన ప్రేమ్‌కి డప్పంటే డప్పే, అందులో పెళ్ళికొకటి చావుకొకటి ఉంటాయని ఎవరు చెప్పారు? పాట ఆపాడు. జీపులో ఉషారాణి తల దించుకుని కళ్ళు తుడుచుకుంటోంది. అది చూసి సిగ్గుతో చితికిపోయాడు. కంప్యూటర్ పోయినట్టే.

అప్పుడు గుమ్మంలోకి వచ్చింది బొడ్డమ్మ. నిప్పు లోపలికి పెట్టి కాలుస్తున్న చుట్టని నోట్లోంచి తీసి, అందరినీ ఎగాదిగా చూసింది.

“నన్నెవుల్రా సంపీసినారు? నాతో ఒక మాటైనా సెప్పకుండా ఎత్తీడానికొచ్చినారేటి?”

ప్రేమ్‌ని నలుగురూ ముందుకి తోశారు. “తప్పయిపోనాది మామ్మా. అది పెళ్ళి పాటే...”

“పెళ్ళి పాటయితే ఆ ఇంగిలీసోడు ఏటని ఏడుత్తన్నాడు?”

ఎవరికి తెలుసు? ఉషారాణి జీపు దిగి వచ్చి, కొంగు వేలికి చుట్టుకుంటూ మెల్లగా చెప్పింది. “నన్నొగ్గీసి ఎల్లిపోకు, నువ్వు నేకపోతే నాకు తెల్లారదు అంతన్నాడు మామ్మా.”

“అయిదుగురూ అదేనా?”

“అదే మామ్మా.”

బొడ్డమ్మ గట్టిగా ఒక దమ్ము లాగింది. “మరింకేటి! పీనుగు కాడ కూకుని మనోళ్ళు అనేదీ అదే కదేటి. గుంటడు దరువు సరిగ్గానే ఎట్టినాడు!”

ఊరు గొల్లున నవ్వింది. నూకమ్మ మాత్రం కళ్ళొత్తుకుంటూ, “పెళ్ళింట ఇదేటి అపశకునం అత్తా?” అంది.

“బతికున్నదాన్ని కళ్ళెదురుగా ఎట్టుకుని అపశకునమంతావేటే? నాను పోయినాక మీరెంత ఆడితే మాత్రం నాకు కనబడతాదేటి? ఒరే గుంటడా, ఎయ్యి! నా సావు నానే ఆడతాను.”

పండుముసలి పోతే డప్పులతో ఆడి సాగనంపడం అక్కడి ఆనవాయితీ. ఆ ఆట చూసుకునే భాగ్యం పోయినవాళ్ళకే ఉండదు. ప్రేమ్ మళ్ళీ మీట నొక్కాడు. బొడ్డమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి, కొత్త కోడలి చెయ్యి పట్టి లాగి అడుగేసింది. ఇంకెవడాగుతాడు? అయిదుగురు తెల్లకుర్రాళ్ళు వెళ్ళిపోవద్దని ఏడుస్తుంటే ఊరు ఊరంతా దుమ్ము లేచేలా ఆడింది. ఉషారాణి నవ్వుతూ, ఏడుస్తూ ఇంగ్లీషులో గొంతు కలిపింది. మధ్యలో ముసలాళ్ళు ఒక్కొక్కరే ట్రాక్టర్ దగ్గరికొచ్చి, “నాను పోయిన రోజుకి నాకూ ఒకటి కలిపి ఉంచరా, సెక్కభజన ఎట్టు” అని పురమాయించి పోయారు.

పొద్దువాలాక తండ్రీకొడుకులు వైర్లు చుట్టుకుంటున్నారు. ప్రేమ్ ఉండబట్టలేక, “నాన్నా, మరి కంప్యూటరు...” అన్నాడు.

“ఉండనీ.” జోగారావు జనరేటర్ మీద పట్టా కప్పి, తాడు బిగించి, ఎటో చూస్తూ అడిగాడు. “ఒరే ప్రేమూ, మరి నాకేటి పాట కలుపుతావురా?”

ప్రేమ్ నవ్వబోయి ఆగాడు. తండ్రి తన పనిని ఒప్పుకోవాలని ఎన్నాళ్ళుగానో కాచుకున్నాడు కానీ, ఆ ఒప్పుకోలు ఇలా వచ్చి మీద పడుతుందనుకోలేదు.

“నీకిప్పుడేటి తొందర నాన్నా,” అని, అప్పటికే చుట్టేసిన వైరుని విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.