పక్కగదికి ఫోను

మా ఆయన గొంతు వింటే మొండికేసిన కంప్యూటర్లు కూడా దారికొస్తాయని వాళ్ళ కంపెనీలో పేరు. పగలంతా హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎక్కడెక్కడి వాళ్ళో ఫోన్ చేసి మొత్తుకుంటుంటే "కంగారు పడకండి మేడమ్, మనం కలిసి చూద్దాం" అంటాడు. ఆఫీసు ఇంట్లోకే వచ్చిపడ్డాక ఆ గొంతు గోడ అవతల నుంచి నాకూ వినబడుతోంది. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగినా విసుక్కోడు. భోజనం వడ్డించనా అని నేను రెండోసారి అడిగితే మాత్రం "ఒకసారి చెప్తే అర్థం కాదా?" అంటాడు. జీతమిచ్చేవాళ్ళకి ఒక గొంతు, వండిపెట్టేవాళ్ళకి ఒక గొంతు.

ఆ రోజు ఆయనకి సెలవు, నాకు పరీక్ష. నేను దుప్పట్ల మీద అచ్చేసే పూల డిజైన్లు గీస్తాను. ఇన్నాళ్ళూ ఒక పేరున్న డిజైనరమ్మ చాటున గీశాను. పేరు ఆవిడది, మెడనొప్పి నాది. ఇప్పుడు మొదటిసారి మిల్లువాళ్ళు నేరుగా నన్నే అడిగారు. మధ్యాహ్నం భోజనాల వేళకి అందకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని మర్యాదగానే చెప్పారు. గీసినవన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. పొద్దున్నే బటన్ నొక్కాను. లైటు లేదు, చప్పుడు లేదు, నల్లటి తెరలో నా వెర్రిమొహం తప్ప ఇంకేం లేదు. ప్లగ్గు చూశాను, బాగానే ఉంది.

"ఏమండీ, కంప్యూటర్ ఆన్ అవట్లేదు!"

పేపరు మడిచి వచ్చాడు. వచ్చి బటన్ నొక్కాడు, నేను నొక్కినట్టే, కాకపోతే ఇంకాస్త గట్టిగా.

"నువ్వేం చేశావ్?"

"ఏం చెయ్యలేదు."

"ఏం చెయ్యకుండానే పాడైపోయిందా? నిన్న దుమ్ము దులిపావా?"

దుమ్ము దులపడం నేరమని నాకు అప్పుడే తెలిసింది. మళ్ళీ నొక్కాడు. కంప్యూటర్ క్యాబినెట్ నెత్తిన ఒకటి మొత్తాడు. అటూ ఇటూ తిరిగాడు. అప్పుడు వెలిగింది నాకు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ మనిషి ఒక్క కంప్యూటర్నీ చేత్తో ముట్టుకుని బాగుచెయ్యలేదు. ఈయన చెప్తాడు, అవతలివాళ్ళు చేస్తారు. చెప్పేవాడినీ చేసేవాడినీ ఒకేచోట నిలబెట్టేసరికి ఇద్దరూ మాయమైపోయారు.

"షాపుకి పంపాల్సిందే," అని తేల్చాడు.

"నాకు మధ్యాహ్నానికి కావాలి."

"అయితే నన్నేం చెయ్యమంటావ్?" అని అరిచాడు.

సోఫాలో ఊలు అల్లుకుంటున్న అత్తయ్య తలెత్తకుండానే అంది. "వాడు ఎదురుగా ఉంటే ఎందుకూ కొరగాడమ్మా. ఫోన్ చెయ్యి."

"అత్తయ్యా, ఇది నవ్వులాటా?"

"నిజమే చెప్తున్నా. నా మాత్రలు నేను అలాగే తెప్పించుకుంటా. గొంతు చించుకుని పిలిచినా కదలడు. ఫోన్ మోగితే మాత్రం లేస్తాడు." కొడుకు వైపు సూది చూపించింది. "నీ గదిలోకి పోరా. తలుపేసుకో. ఆ చెవులకి పెట్టుకునేదీ పెట్టుకో."

కన్నతల్లి మాట కాబట్టి సణుక్కుంటూ వెళ్ళాడు. నేను బల్ల కింద చతికిలబడి ఫోన్ చేశాను. చిన్న 'టక్' మన్న చప్పుడు, ఆ వెంటనే గొంతు.

"నమస్కారమండీ. మీకు ఏ విధంగా సాయపడగలను?"

నాతోనేనా అని వెనక్కి తిరిగి చూశాను. "కంప్యూటర్ ఆన్ అవట్లేదండీ."

"అయ్యో. పని ఆగిపోయి ఉంటుంది కదా. ముఖ్యమైన పనా మేడమ్?"

పొద్దున్నుంచీ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. మిల్లు గురించి, పూల గురించి, కింద నా పేరు వేస్తామన్న మాట గురించి అంతా చెప్పాను. మిల్లువాళ్ళు అడిగిన రోజే ఇవన్నీ ఆయనకి చెప్పాను. అప్పుడు "ఊ" అన్నాడు. ఇప్పుడు చివరిదాకా విని, "మొదటిసారి మీ పేరు మీదా? అయితే పంపించి తీరాల్సిందే," అన్నాడు.

గోడ ప్లగ్గులో టేబుల్ లైటు పెట్టి చూడమన్నాడు. వెలిగింది. "చాలా బాగా చేశారు," అన్నాడు. మూడు పూటలా వండినా రాని మెప్పు, లైటు వెలిగిస్తే వచ్చింది. కంప్యూటర్ ప్లగ్గు మళ్ళీ పెట్టించి, స్పీకర్ల వైర్లూ ప్రింటరు వైరూ మాత్రం ఊడదీయమన్నాడు. వంగబోతే బల్ల అంచు తలకి తగిలి "అబ్బా" అన్నాను.

"దెబ్బ తగిలిందా? ముందు కాసేపు కూర్చోండి. తర్వాత చేద్దాం, తొందరేం లేదు."

తొందర ఉంది. అయినా కూర్చున్నాను.

"ఏమంటున్నాడే?" అంది అత్తయ్య.

"కూర్చోమంటున్నారు."

"వాడేనా!" అంది అత్తయ్య, అల్లడం ఆపేసి.

"ఇప్పుడు క్యాబినెట్ వెనక, కరెంటు వైరు దూరేచోట చిన్న నల్ల స్విచ్ ఉంటుంది. చేత్తో తడిమి చూడండి."

తడిమాను. ఆపేసి ఉంది. ముందురోజు సాయంత్రం తన హెడ్‌ఫోన్ వెనక్కి జారిపోతే, చెయ్యి దూర్చి అక్కడ కెలికింది ఈయనే. ఇంకొక రోజయితే ఈ ఒక్క ముక్క పట్టుకుని ఇల్లు పీకి పందిరేసేదాన్ని.

"ఆపేసి ఉందండీ," అన్నాను.

"ఫర్వాలేదు మేడమ్, చాలామందికి జరుగుతుంది. మీ తప్పేం లేదు."

"అవునండీ, నాది కాదు."

స్విచ్ వేసి, ముందుకొచ్చి బటన్ నొక్కాను. లోపల ఫ్యాను మెల్లగా తిరిగింది. తెర వెలిగింది. స్పీకర్లు ఊడదీసి ఉండటంతో ఏ సంగీతమూ రాలేదు.

"వచ్చిందా మేడమ్?"

వచ్చిందని చెప్పడానికే నోరు తెరిచాను. చెప్తే ఫోను పెట్టేస్తాడు. ఆ తలుపు తెరుచుకుంటుంది. అందులోంచి మా ఆయన బయటికొస్తాడు.

"రాలేదండీ," అన్నాను.

"కంగారు పడకండి. మళ్ళీ మొదటి నుంచి చూద్దాం. నేను లైన్లోనే ఉంటాను."

ఆయన మళ్ళీ గోడ ప్లగ్గు దగ్గర మొదలుపెట్టాడు. నేను "ఊ" అంటూ, "చేశానండీ" అంటూ, డిజైన్లు తెరిచి, కింద నా పేరు టైపు చేసి మిల్లుకి పంపేశాను. వెళ్ళిపోయాయి. భోజనాలకి ఇంకా బోలెడు టైముంది. సంతోషంతో గంతులెయ్యాల్సింది పోయి నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"మేడమ్, ఉన్నారా? అలసిపోయినట్టున్నారు. మంచినీళ్ళు తాగి రండి, నేనుంటాను."

అత్తయ్య ఎప్పుడు లేచి వచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది. వెలుగుతున్న తెర చూసింది, నా కళ్ళు చూసింది. నోటిమీద వేలేసుకుని బతిమాలుకున్నాను. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నా పక్కన కూలబడి, గుసగుసగా అంది.

"నీదయ్యాక నాకొకసారి ఇవ్వమ్మా."