నాన్న బతికించిన వాళ్ళు

మా నాన్న రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని, ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే ఉద్యోగం చేసేవారు. రైలు ఎంత ఆలస్యమైనా, ఆ సంగతి ఆయన గొంతులో వింటే ప్రయాణికులకు కోపం వచ్చేది కాదట. ఈ మాట చెప్పింది కూడా ఆయనే. తర్వాత స్టేషన్‌కి రికార్డు చేసిన గొంతు వచ్చింది. నాన్నని విచారణ కిటికీ వెనక కూర్చోబెట్టారు, అక్కడే రిటైరయ్యారు. రచ్చ పోతే పోయింది, ఇల్లుంది కదా అని సరిపెట్టుకున్నారు.

ఇల్లంటే ఆయన లెక్కలో అమ్మ కుట్టుమిషను పక్కనున్న పీట. అమ్మ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. చేతులకీ కళ్ళకీ తీరికుండదు, చెవులు మాత్రం ఖాళీ. అందుకని లైబ్రరీ నుంచి నవలలు తెచ్చి ఆవిడకి పైకి చదివి వినిపించడం పెళ్ళయినప్పటి నుంచీ నాన్న పని.

నిరుడు నాన్నకి గొంతు పట్టేసి కొన్నాళ్ళు చదవలేకపోయారు. కథ సగంలో ఆగిపోయేసరికి అమ్మ ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టింది. అది చూడలేక, పుస్తకాలు చదివి వినిపించే యాప్ ఒకటి ఆవిడ ఫోన్లో పెట్టాను. ఇందులో నా తప్పేమీ లేదు. నాన్న గొంతు బాగుపడే వేళకి పీట మీద బట్టల మూట ఉంది, అమ్మ చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. పైగా ఒకటిన్నర రెట్ల వేగంతో వింటోంది. అంత తొందరేమిటని అడిగితే, మీ నాన్న ఆవలింతలూ మంచినీళ్ళూ తీసేస్తే ఏ పుస్తకమైనా ఇంతేనే అంది.

నాన్న అలిగారు. అలిగినవాడు ఓ మూల కూర్చోవాలి గానీ, ఈయన మిషను చుట్టూ తిరుగుతూ అలిగారు. ఆ ఫోను గొంతుకి ఏడుపుకీ తుమ్ముకీ తేడా తెలియదన్నారు. అమ్మకి వినపడితే కదా.

అంతా అలా సాగుతుండగా, ఓ రోజు అమ్మ మిషను ఆపి నన్ను పిలిచింది. తనకెంతో ఇష్టమైన దీపస్తంభం నవల మళ్ళీ వింటోందట. సముద్రం మధ్య దీపస్తంభం, దాన్ని చూసుకునే మనిషి, నిండు గర్భిణి అయిన భార్య, తుఫాను.

"ఈ ఫోను తప్పు చదువుతోందే. డాక్టరు పడవ రావాలి. రాలేదు. ఆవిణ్ణి చంపేసింది. నువ్వు ఆ కంపెనీ వాళ్ళకి రాయి, పడవ ఎగ్గొట్టారని."

రాయబోయే ముందు, ఆ పుస్తకం గురించి మిగతా పాఠకులు ఏమన్నారో నెట్‌లో చూశాను. అందరూ చివర్లో ఏడ్చామనే రాశారు. పడవ ఊసు ఎవరూ ఎత్తలేదు. తలెత్తి నాన్నవైపు చూస్తే, ఆయన ఎన్నడూ లేనిది ఫ్యాను రెక్కలు తుడుస్తున్నారు.

వంటింట్లోకి లాక్కెళ్ళి అడిగాను. చివరికి చెప్పారు.

"అప్పటికి నువ్వు కడుపులో ఉన్నావు. ఎనిమిదో నెల. ఆ పేజీ తిప్పితే ఆవిడ పోతోంది. మీ అమ్మ నా మొహమే చూస్తోంది. నేనేం చదవను? పడవ పంపించాను."

రుచి మరిగాక ఆగలేదట. దివాలా తీసిన షావుకారు కొట్టు మళ్ళీ తెరిచాడు. తప్పిపోయిన కుక్క ఇల్లు చేరింది. ఒక నవలలో బామ్మని బతికిస్తే, దానికి రెండో భాగం వచ్చి, అది ఆవిడ కర్మకాండతోనే మొదలైందట. అప్పుడు కథలోకి ఓ ఎదురింటి బామ్మని తెచ్చి, ఆవిణ్ణి చంపి గండం గట్టెక్కారు. నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు.

"తెలిస్తే ఇక నా చేత చీటీ ముక్క కూడా చదివించుకోదే," అన్నారు. ఆయన భయం నిజంగా భయమే. స్టేషన్ పోయాక ఆయనకి మిగిలిన శ్రోత ఆవిడొక్కతే. పాపమనిపించింది. అయినా మీరే చెప్పండని బయటికి తోశాను.

మిషను ముందు నిలబడి, చేతులు కట్టుకుని, పడవ సంగతి చెప్పారు. చెప్పి, అలవాటు కొద్దీ "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను" అన్నారు. అమ్మ నవ్వలేదు. నన్నేమన్నా చంటిపిల్లననుకున్నారా అని ఒక్క మాట అని, మిషను తొక్కడం మొదలెట్టింది. ఆ పూటంతా ఆ చప్పుడే. మర్నాడు కూడా నాన్న పెట్టిన టీ చల్లారిపోయాకే తాగింది.

సాయంత్రం ఇయర్‌ఫోన్లు తీసి డబ్బాలో పడేసింది. పీట మీది మూట కిందికి దించింది.

"మొత్తం ఎంతమందిని బతికించారు?"

నాన్న వేళ్ళు మడవడం మొదలెట్టి, రెండు చేతులూ అయిపోయాక మానుకున్నారు.

"ఆ దీపస్తంభం పుస్తకం తెచ్చి కూర్చోండి. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదవండి."

నాన్న లైబ్రరీకి పరిగెత్తినంత పని చేశారు. వచ్చి, పీట మీద సర్దుకుని, గొంతు సవరించుకుని, చివరి అధ్యాయం ఎత్తుకున్నారు. నిజం చెప్పొద్దూ, బాగా చదువుతారు. గాలి ఊళపెట్టింది, అలలు మెట్లెక్కాయి. అమ్మ చేతిలో నిక్కరు ఉంది గానీ మిషను కదల్లేదు. ఆ పేజీ వచ్చింది. నాన్న ఒక వాక్యం చదివారు, ఆగారు. మళ్ళీ అదే వాక్యం చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ పోయే వాక్యం దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ఇన్నేళ్ళూ అమ్మ ఏడుస్తుందని దాటేశారనుకున్నాను. ఆయనకి ఆ వాక్యం నోటితో చదివే ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అమ్మ నిక్కరు పక్కన పెట్టింది. తర్వాత చెయ్యి చాచి పుస్తకం మూసేసింది.

"ఇవాళ్టికి ఆవిణ్ణి బతకనివ్వండి. రేపు చదువుదురు గాని."